మా మేడ మీద చిరుత

ఫిబ్రవరి 9, ఆదివారం

అన్నపూర్ణ ఈ రోజు కూడా మేడ ఎక్కలేదు. గోంగూరకి నీళ్ళు నేనే పోశాను. పోశానని అంటున్నాను గానీ అక్కడ గోంగూర ఎక్కడుంది? కోతులు ఆకంతా దూసేసి, కాడలు విరిచి, పళ్ళు తోముకున్నట్టు నమిలి పారేశాయి. కరివేపాకు మొక్క నడుం విరిగింది. మిరప మొక్కల జోలికి మాత్రం పోలేదు. అన్నపూర్ణ చేతి కారం సంగతి వాటికీ తెలుసేమో.

డిసెంబర్లో ఆ పెద్ద కోతి ఆవిణ్ణి చెంప మీద కొట్టి కళ్ళజోడు లాక్కుపోయిన దగ్గర్నుంచి ఇదే వరస. దెబ్బ తగ్గింది. ఇంజక్షన్లు పూర్తయ్యాయి. మనిషి మాత్రం ఇంట్లోంచి కదలడం లేదు. జనక్‌పురిలో ఈ పై అంతస్తు తీసుకున్నదే మేడ కోసం. పొద్దున్నే పైనుంచి "ఏవండీ, ఓసారి రండి, పూత వచ్చింది" అని కేక వినపడకుండా నాకు ఆఫీసుకి టైమయ్యేది కాదు. ఇప్పుడు కిటికీ దగ్గర కూర్చుని రోడ్డు చూస్తోంది. కింద అంతస్తు సరోజిని గారు పిలిస్తే "మోకాళ్ళ నొప్పులండీ" అంటోంది. ఆ మోకాళ్ళు నాకు తెలుసు. వాటికేం కాలేదు.

నా సెక్షన్‌లోకి వచ్చిన కాగితం ఏదీ ఇంతవరకు జవాబు లేకుండా వెళ్ళలేదు. దీనికీ ఓ దారి చూస్తాను. ఆవిణ్ణి మళ్ళీ మేడ ఎక్కించకపోతే నా పేరు భీమేశ్వరరావు కాదు.

ఫిబ్రవరి 13

మా మంత్రిత్వశాఖ ఆఫీసులో వర్క్‌షాపు. అడవుల్లోంచి మాయమైన పెద్ద మాంసాహార జంతువుల్ని మళ్ళీ తెచ్చి వదిలితే చుట్టుపక్కల ఏమేం మారతాయి అనేది విషయం. నా బాధ్యత కుర్చీలు, సమోసాలు, టీ. కాలనీలో అందరూ నన్ను వన్యప్రాణుల నిపుణుడనుకుంటారు. నేను కాదనలేదు, అవుననీ అనలేదు. చీతాల ఫైలు నా టేబులు మీంచే వెళ్ళిన మాట నిజం. వాటి గురించి మాట్లాడ్డానికి వచ్చిన వాళ్ళకి హోటల్ గదులు బుక్ చేసింది నేనే.

శ్రీవల్లి అని వరంగల్ అమ్మాయి, పరిశోధన చేస్తోందట, చక్కగా చెప్పింది. అమెరికాలో ఓ పెద్ద పార్కులో చాలా ఏళ్ళ తరవాత తోడేళ్ళని తెచ్చి వదిలారట. జింకలు ఏటి ఒడ్డున నింపాదిగా మేయడం మానేశాయి. ఒడ్డున మొక్కలు లేచాయి, పక్షులొచ్చాయి. తోడేళ్ళు జింకలన్నిటినీ తినెయ్యలేదు. తింటాయేమోనన్న భయమే సగం పని చేసిందట. ఇంకో చోటైతే అసలు జంతువే అక్కర్లేదు, ఉత్త కుక్కల అరుపులు స్పీకర్లో వినిపించారు. తీరంలో పీతల్ని ఏరుకు తినే జంతువులు బెదిరి వెనక్కి తగ్గాయి, పీతలు పెరిగాయి.

నాకు కుర్చీలో నిద్ర ఎగిరిపోయింది. ఆ అమ్మాయి ఇంకా ఏదో చెప్పబోతుండగా టీ రాలేదని కబురొచ్చింది, వెళ్ళక తప్పలేదు. తిరిగొచ్చేసరికి చప్పట్లు కొడుతున్నారు. ముఖ్యమైనదంతా ముందే వినేశాను కాబట్టి నష్టం లేదు. ఆ అమ్మాయి దగ్గర చిరుత అరుపు రికార్డింగు ఉంటే ఫోన్లోకి ఎక్కించుకున్నాను. ఆఫీసు రికార్డు కోసమని చెప్పాను.

ఫిబ్రవరి 15

మా అమ్మాయి నేహా వాడేసి మూల పడేసిన స్పీకరు నీళ్ళ ట్యాంకు వెనకాల పెట్టి, మోటారు ప్లగ్గులోంచి కరెంటు ఇచ్చాను. పడగ్గదిలో నుంచి ఫోన్‌తో నొక్కితే పైన మోగుతోంది. నాకే ఆశ్చర్యంగా ఉంది, ఇంత తెలివి ఇన్నాళ్ళూ ఏ ఫైలులో పడి ఉందో.

అన్నపూర్ణకి చెప్పలేదు. ఆవిడకి చెబితే సరోజిని గారికి చెబుతుంది. సరోజిని గారికి చెప్పడమంటే దండోరా వేయించడమే. ముందు కోతుల్ని పంపించేస్తాను. మొక్కలు తేరుకుంటాయి. అప్పుడో రోజు చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్తాను. కళ్ళు మూసుకోమంటాను కూడా.

ఫిబ్రవరి 16, ఆదివారం

పొద్దున్నే వేశాను. చిరుత సినిమాల్లోలాగా గర్జించదు. పచ్చి కట్టెని రంపంతో కోస్తున్నట్టు, ఆగి ఆగి అరుస్తుంది. కోతులకి ఒక్క క్షణంలో అర్థమైపోయింది. పెద్ద కోతి చేతిలో పరాఠా వదిలేసింది. పిల్లల్ని పొట్టకి కరుచుకున్న తల్లులు ముందు, మిగతా మూక వెనక, పక్క బ్లాకు మీంచి నాలా వైపు పోయాయి. వెనక్కి తిరిగి చూసిన కోతి లేదు.

మనుషులకి మాత్రం అర్థం కాలేదు. మా వెల్ఫేర్ అసోసియేషన్ అధ్యక్షుడు భరద్వాజ్ కింద నిలబడి, "రావ్ సాబ్! సండే కో ఫర్నిచర్ కా కామ్ మత్ కరాయియే!" అని అరిచాడు. క్షమించమన్నాను. వడ్రంగిని ఇప్పుడే పంపించేస్తున్నానని చెప్పాను.

ఫిబ్రవరి 22

పొద్దున ఆఫీసుకి వెళ్ళే ముందు ఒకసారి, సాయంత్రం రాగానే ఒకసారి. వారమంతా కోతి జాడ లేదు. కరివేపాకు విరిగిన చోటే చిగురు వేసింది. గోంగూర మోళ్ళకి ఎర్రటి మొగ్గలు. బుల్‌బుల్ పిట్టలు రెండు ట్యాంకు మీద వాలి, ఇల్లు అద్దెకి చూసుకుంటున్నట్టు అటూ ఇటూ తిరిగాయి. నేనే స్వయంగా ఒక అడవిని బాగు చేశానన్నంత గర్వంగా ఉంది. రేపే ఆవిణ్ణి తీసుకెళ్తాను.

ఫిబ్రవరి 23, ఆదివారం

కొంప మునిగింది.

నేను పొద్దున అరుపు వేసినప్పుడు నేహా దాన్ని ఫోన్లో రికార్డు చేసింది. ఆ ఫోనుకి పిట్టల కూతలూ జంతువుల అరుపులూ గుర్తుపట్టే యంత్రం ఏదో ఉందట. "పప్పా, యే కార్పెంటర్ నహీ హై. ఇట్స్ ఎ లెపర్డ్!" అంటూ హాల్లోకి పరిగెత్తుకొచ్చింది. నేను పళ్ళు తోముకుంటున్నాను. నోరు కడుక్కుని వచ్చేలోపు అది కాలనీ వాట్సాప్ గ్రూపులోకి ఎక్కించేసింది. కన్న కూతురు.

ఇంకో గంటకి భరద్వాజ్ నలుగురిని వెంటేసుకుని వచ్చాడు. "ఆప్ హీ బతాయియే రావ్ సాబ్. ఆప్ తో ఎక్స్‌పర్ట్ హైఁ. తేందువా హై యా నహీఁ?" చిరుతా కాదా తేల్చమని అందరూ నా మొహమే చూస్తున్నారు. అన్నపూర్ణ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. పెళ్ళిచూపుల్లో కూడా నన్ను అంత శ్రద్ధగా చూడలేదు. లేదని ఒక్క మాట అంటే సరిపోయేది. నా నోట్లోంచి వచ్చింది మాత్రం ఇది: "ఆ అవకాశాన్ని పూర్తిగా తోసిపుచ్చలేం." హిందీలో ఇంకా గంభీరంగా వచ్చింది.

ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి ఆ వాక్యం రాస్తున్నాను. ఇంతవరకు దానివల్ల ఎవరికీ ఏ హానీ జరగలేదు.

వాళ్ళు వెళ్ళగానే అన్నపూర్ణ మేడ తలుపుకి తాళం వేసి చెవి బొడ్లో దోపుకుంది.

ఫిబ్రవరి 24

ఆవిడ మేడ ఎక్కలేదు. ఇదివరకు కోతి వల్ల. ఇప్పుడు నా వల్ల.

ఫిబ్రవరి 26

చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాను. మొదటిసారి సరోజిని గారు వచ్చారు. రెండోసారి ఆవిడ, "మీరు సాయంత్రం నడిచి రాకండి, రిక్షా ఎక్కి రండి. నాకు భయంగా ఉంటోంది" అంది. నా గురించి అంత బెంగగా మాట్లాడి ఎన్నాళ్ళయిందో. ఆ సమయంలో చెప్పడం మర్యాదగా అనిపించలేదు.

అరుపు ఆపేద్దామా అంటే, ఆపితే కోతులొస్తాయి, ట్యాంకు పొంగే నీళ్ళతో నిలబడ్డ చిగుర్లు పోతాయి. కాబట్టి వేస్తున్నాను. ఇది కేవలం మొక్కల కోసం.

మార్చి 2, ఆదివారం

ఈ ఉదయం పార్కు దాకా వెళ్ళి చూశాను. వాకింగు వాళ్ళు లేరు. క్రికెట్ ఆడే పిల్లలు లేరు. వాళ్ళు బ్యాటు పట్టుకుని తొక్కితొక్కి బట్టతల చేసిన చోట గడ్డి మొలిచింది. గడ్డిలోకి మిడతలు, మిడతల కోసం గోరింకలు. వీధి కుక్కలు కార్ల కింద నుంచి లేచి వాచ్‌మన్ గదిలో కాపురం పెట్టాయి. శ్రీవల్లి చెప్పిన ఏటి ఒడ్డు ఇదే కదా. జింకల బదులు మేం ఉన్నాం, అంతే తేడా.

డెలివరీ కుర్రాళ్ళు గేటు దాటి లోపలికి రామంటున్నారు. దాంతో ఇళ్ళల్లో వంటలు మొదలయ్యాయి. గురుగ్రామ్‌లో ఆఫీసులున్న మగవాళ్ళు చీకటి పడకుండానే ఇళ్ళు చేరి ఏం చెయ్యాలో తెలీక కూరలు తరుగుతున్నారు. సరోజిని గారి ఆయన బెండకాయలు నేర్చుకున్నాడట. నేహా సైతం ఆరు కొట్టేసరికి ఇంట్లో ఉంటోంది. ఈ రోజు వాళ్ళమ్మ పక్కన నిలబడి, "మమ్మీ, పప్పు మే ఇమ్లీ కబ్ డాల్తే హైఁ?" అని అడిగింది. చింతపండు ఎప్పుడు వెయ్యాలో అన్నపూర్ణ చెప్పింది. బాగానే చెప్పింది. కానీ చెబుతూ పైకప్పు వైపు చూసింది.

కాలనీలో అన్నీ బాగుపడుతున్నాయి. నేను బాగుచేద్దామనుకున్నది ఒక్కటే బాగుపడలేదు.

మార్చి 6

అటవీశాఖ వాళ్ళు పార్కులో బోను పెట్టారు. ఎరగా ఒక మేక.

మార్చి 9, ఆదివారం

మేక పేరు రాణీ అట. పిల్లలు పెట్టారు. చిరుత భయానికి క్రికెట్ మానేసిన పిల్లలే మేక కోసం బోను చుట్టూ మూగుతున్నారు. పగలు బోనులో ఉంచడం పాపమని ఆడవాళ్ళు కలగజేసుకుంటే వాచ్‌మన్ దాన్ని బయట కడుతున్నాడు. అది పార్కు గడ్డి మొత్తం మేసి, తాడు తెంపుకుని భరద్వాజ్ బంతి మొక్కలు తినేసింది. మిడతలు పోయాయి, గోరింకలు పోయాయి. భరద్వాజ్ నా దగ్గరికొచ్చి, మేకని తినడానికి చిరుత ఎప్పుడొస్తుందని అడిగాడు. ఆ గొంతులో ఆశ ఉంది.

మార్చి 11

గోరుచుట్టు మీద రోకటిపోటు. పొద్దున టేబులు మీద కొత్త ఫైలు. జనక్‌పురిలో చిరుత సంచారం గురించి ఫిర్యాదు, భరద్వాజ్ సంతకంతో. అందులో మూడో పేరా: "మీ మంత్రిత్వశాఖలోనే పనిచేయుచున్న ప్రముఖ వన్యప్రాణి నిపుణులు శ్రీ భీమేశ్వరరావుగారు ఈ విషయమును ధ్రువీకరించియున్నారు." ఏ సెక్షన్ జవాబు తయారుచెయ్యాలి? మాదే. ఏ ఆఫీసరు? నేనే.

డైరెక్టర్ మేడం పిలిచారు. "మిస్టర్ రావ్, ఈ నిపుణుడు మీరేనా?"

"మేడం, ఆ అవకాశాన్ని..."

"డోంట్ గివ్ మీ దట్ సెంటెన్స్" అన్నారు.

మార్చి 12

కుడితిలో పడ్డ ఎలుక.

మార్చి 16, ఆదివారం

కోతులు తిరిగొచ్చాయి.

పొద్దున అరుపు నొక్కి కిటికీలోంచి తల పెట్టి చూశాను. పైన రంపం కోత సాగుతూనే ఉంది. పెద్ద కోతి పిట్టగోడ మీద వెల్లకిలా పడుకుని ఇంకో కోతి చేత పేలు చూయించుకుంటోంది. శబ్దం పెంచాను. పొట్ట గోక్కుంది.

శ్రీవల్లికి ఫోన్ చేశాను. అరుపు వినిపించినా జంతువులు భయపడకపోతే ఎందువల్ల అవుతుందమ్మా అని అడిగాను.

"సార్, భయం ఉత్తగ నిలువది. అప్పుడప్పుడన్న ఒకదాన్ని పట్టుకపోవాలె. అరుపు ఒక్కటే ఉండి కోరలు లేకుంటె జంతువులు కొన్ని రోజులల్ల కనిపెడ్తయ్. నేను రెండో భాగంల చెప్పింది అదే కద సార్."

"నేను వినలేదే."

"మీరు అప్పుడు చాయ్ కోసం బయటికి పోయిన్రు."

ఎందుకు అడుగుతున్నారంది. పార్లమెంటు ప్రశ్న వచ్చిందన్నాను.

కోతులు కనిపెట్టేశాయి. మనుషులు ఇంకా కనిపెట్టలేదు. భరద్వాజ్ సాయంత్రం పాలబూత్‌కి వెళ్తూ చేతిలో హాకీ కర్ర పట్టుకున్నాడు.

మార్చి 18

జరిగింది జరిగినట్టు రాస్తాను.

సాయంత్రం వచ్చి అలవాటు కొద్దీ నొక్కాను. కోతులు వచ్చేశాక దాని వల్ల ఉపయోగం లేదని తెలుసు. అయినా నొక్కాను. అన్నపూర్ణ బాల్కనీలో బట్టలు తీస్తోంది. పైకి చూసి అలాగే నిలబడిపోయింది.

"ఏవండీ, ఇలా రండి. పైన పులి అరుస్తోంది కదా?"

"చిరుత" అన్నాను.

"ఏదైతేనేం. ఆ కోతుల్ని చూడండి. పిట్టగోడ మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాయి. నెత్తి మీద కోతులు కూర్చుంటే అదేం పులండీ?"

ఆవిడ ఇంకాసేపు విని, కొంగు నడుముకి బిగించి, బట్టలారేసే కర్ర తీసుకుని, బొడ్లోంచి తాళంచెవి తీసింది. ఆపుదామని వెనకాలే వెళ్ళాను. సగం మెట్ల దాకా వెళ్ళాను. అక్కడే మెట్టు మీద కూలబడి విన్నాను.

తలుపు దబ్బున గోడకి కొట్టుకుంది. "నా గోంగూర తిని, నన్నే కొడతావంట్రా? నా కళ్ళజోడేదిరా? రా, ఇప్పుడు రా!" కర్ర ట్యాంకుకి తగిలిన చప్పుడు. రేకు చప్పుడు. కోతుల కీచులు, ఒకటి కాదు, మూకుమ్మడిగా. కాకినాడ తిట్లు ఒకదాని మీదొకటి. ఇన్నేళ్ళ కాపురంలో వాటిల్లో కొన్ని నేనే వినలేదు. ఆ తరవాత చిరుత అరుస్తూ అరుస్తూ మధ్యలో ఆగిపోయింది.

ఆవిడ నెమ్మదిగా దిగి వచ్చి స్పీకరు నా ఒళ్ళో పెట్టింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"ఆ కోతి ఒక్కటే దెబ్బ కొట్టిందండీ. దెబ్బ తగ్గాక రేపెక్కుదాం, ఎల్లుండెక్కుదాం అనుకుంటూ ఉన్నాను. ధైర్యం కూడగట్టుకుంటున్నాను. ఇంతలో మీరు పులిని తెచ్చి పెట్టారు. నా మేడకి నా చేత్తోనే తాళం వేసుకున్నాను. మీకేమైనా అవుతుందేమోనని సాయంత్రం అయ్యేసరికి గేటు వైపు చూస్తూ కూర్చునేదాన్ని."

"నీ కోసమే చేశాను అన్నపూర్ణా."

"నా కోసమైతే నాతో చెప్పరా?"

జవాబు లేదు. ఏ ఫైలులోనూ లేదు. సిగ్గేసింది. ఏడుపొచ్చింది కూడా. కోతి కొట్టినదానికన్నా నేను గట్టిగా కొట్టాను, అదీ కనబడకుండా.

ఆవిడే, "ఆదివారం మీటింగులో లేచి నిజం చెప్పండి. అందరూ నాలాగే తలుపులేసుకుని కూర్చున్నారు" అని లేచి వంటింట్లోకి వెళ్ళింది.

మార్చి 23, ఆదివారం

చెప్పాను. పార్కులో అందరి ముందూ, బోను పక్కన నిలబడి, స్పీకరు చేత్తో ఎత్తి చూపించి, అరుపు వినిపించి మరీ చెప్పాను. చిరుత లేదు, ఎప్పుడూ లేదు, తప్పు నాది, క్షమించండి అన్నాను.

అప్పుడు భరద్వాజ్ లేచాడు. "రావ్ సాబ్, మైనే అప్‌నీ ఆంఖోఁ సే దేఖా హై" అన్నాడు. పాలబూత్ వెనకాల కనపడిందట. తన కళ్ళల్లోకి చూసిందట.

"తోక ఇంత పొడుగుందండీ" అన్నారు సరోజిని గారు, రెండు చేతులూ చాపి. "మా ఆయన కూడా చూశారు. ఏవండీ?" ఆయన నేల చూస్తూ తలూపాడు. వెనక నుంచి ఇంకెవరో, వాళ్ళ బావమరిది దానికి దారిచ్చాడన్నాడు.

లేదండీ, ఇదిగో స్పీకరు అని మళ్ళీ మోగించాను. రాణీ బెదరలేదు సరికదా, దగ్గరికొచ్చి దాని వైరు నమలబోయింది. భరద్వాజ్ నా భుజం మీద చెయ్యి వేసి, అందరికీ వినపడేలా రహస్యం చెప్పాడు: "సమఝ్ గయే. ఊపర్ సే ప్రెషర్ హై." ప్రభుత్వం నా చేత అబద్ధం చెప్పిస్తోందట. నాకు మద్దతుగా తీర్మానం చేశారు. బోను తియ్యకూడదనీ, మేక ఇక్కడే ఉండాలనీ ఇంకో తీర్మానం. దానికి పిల్లలు చప్పట్లు కొట్టారు.

ముందు వరసలో అన్నపూర్ణ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. భుజాలు కదిలిపోతున్నాయి. డిసెంబర్ తరవాత ఇదే మొదటిసారి.

మార్చి 25

ఫైలు మీద ఉన్నది ఉన్నట్టు రాసి మేడంకి పంపాను. మధ్యాహ్నం పిలిచి తలుపు వేయించారు. మొదట నవ్వారు. తరవాత మెమో ఇచ్చారు. రెండూ న్యాయమే. సంజాయిషీలో ఆ వాక్యం వాడలేదు.

మార్చి 30, ఆదివారం

ఆవిడ రోజూ పొద్దునా సాయంత్రం మేడ మీదే. కర్ర చేతిలోనే ఉంటుంది గానీ ఇప్పుడు ఊపే పని లేదు. తలుపు గడియ తీసిన చప్పుడుకే కోతులు భరద్వాజ్ మేడ మీదికి దూకేస్తున్నాయి. గోంగూర జానెడు లేచింది. పొద్దున పైనుంచి కేక వినపడింది, "ఏవండీ, ఓసారి పైకి రండి!" అని. చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళాను. పూత కాదు, నీళ్ళ బకెట్టు మోయడానికి. మోశాను.

సాయంత్రం కాఫీ తెస్తానని కిందికి వెళ్తూ కర్ర నా చేతికిచ్చింది. "మొక్కల వైపు దేన్నీ రానివ్వకండి" అంది. ఆవిడ అలా దిగిందో లేదో పెద్ద కోతి వచ్చి నాకు మూరెడు దూరంలో కూర్చుంది. నేను కర్ర ఎత్తాను. అది కర్రని చూసింది, నన్ను చూసింది, ఆవులించింది. నింపాదిగా గోంగూర మడి దగ్గరికి నడిచి ఒక కాడ మీద చెయ్యి వేసింది. నేను హుష్షన్నాను. అదీ మెల్లగానే అన్నాను.

మెట్ల మీద గాజుల చప్పుడైంది. కోతి కాడ వదిలేసి ఒక్క గెంతున గోడ దాటింది. నేను కూడా లేచి నిలబడి, కర్ర గట్టిగా పట్టుకున్నాను.